గురువు లేని చదువు: కొరియన్ మాటలు నేర్చినవారి చరిత్ర

పరభాషను గురువు దగ్గర కాక పుస్తకం దగ్గర నేర్చుకోవాలన్న కోరిక ఈనాటిది కాదు. ఇటీవల మా తరగతులకు వచ్చే విద్యార్థులు కొందరు కొరియన్ భాషను సొంతంగా నేర్చుకుంటున్నారు. సీరియళ్ళు చూసి మొదలుపెట్టినవారు కొందరు. శ్రీపెరుంబుదూరు దగ్గరి హ్యుందాయ్ కార్ఖానాలోనో, 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన పెనుకొండ కియా కార్ఖానాలోనో కొలువు దొరుకుతుందని ఆశపడేవారు కొందరు. వీరిలో హోసూరు ప్రాంతపు అమ్మాయి ఒకామె తన నోటుపుస్తకం మాకు చూపించింది. వారం రోజుల్లో కొరియన్ లిపి పట్టుబడిందట. మూడు నిలువు వరుసలు గీసుకుంది. మొదటి వరుసలో కొరియన్ మాట, రెండో వరుసలో ఇంగ్లీషు అర్థం, మూడో వరుసలో ఇంట్లో అనే తెలుగు మాట. ఆ మూడో వరుస తమిళ అక్షరాల్లో ఉంది. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడని పిల్ల, తెలుగు లిపి మాత్రం రాదు. మేము కాసేపు ఏమీ అనలేకపోయాం. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ పుస్తకమే.

కొరియన్ లిపి చరిత్ర చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాం. సెజోంగ్ రాజు 1443లో 28 అక్షరాలు కల్పించి 1446లో ప్రకటించాడు. నేడు వాడుకలో ఉన్న మూలాక్షరాలు 24. తెలివైనవాడికి ఒక్క పూట చాలని, మందమతికైనా పది రోజులు చాలని ఆనాటి పండితుడు జోంగ్ ఇన్‌జీ రాశాడు. అది నిజమే. అయితే ఆయన చెప్పింది అక్షరాల సంగతి, మాటల సంగతి కాదు. సొంతంగా నేర్చుకునేవారు తొలి నెలలో బోర్లాపడేది ఇక్కడే. లిపి వారంలో వచ్చింది కదా, భాష ఏడాదిలో రాదా అనుకుంటారు. మేమూ ఒకప్పుడు అలాగే అనుకుని రోజుకు నలభై మాటల చొప్పున రోమన్ లిపిలో రాసుకుని వల్లె వేశాం. నాలుగో రోజుకు మొదటి రోజు మాటల్లో పట్టుమని పది కూడా మిగల్లేదు.

మాటలు ఎలా నేర్చుకోవాలన్న ప్రశ్నకు కొరియాలోనే చాలా పాత సమాధానం ఒకటి ఉంది. ఛ్వే సెజిన్ అనే పండితుడు 1527లో ‘హున్‌మోంగ్ జహ్వే’ అనే బాలశిక్ష కూర్చాడు. ఆయన వృత్తి చేత చైనా భాషకు దుబాసీ. అంటే పరభాష నేర్చుకోవడంలోని కష్టం అనుభవించి ఎరిగినవాడు. అంతకుముందు పిల్లలు వెయ్యి చైనా అక్షరాల గ్రంథాన్ని కంఠస్థం చేసేవారు. అందులో పురాణగాథలూ నీతులూ ఎక్కువ, పిల్లవాడి కళ్ళ ముందుండే చెట్టూ పిట్టా పురుగూ తక్కువ. ఆ లోపం ఎత్తిచూపుతూ ఛ్వే సెజిన్ 3360 అక్షరాలను విషయాల వారీగా విభజించాడు. మన పిల్లలు అమరకోశాన్ని వర్గాలుగా వల్లె వేసిన పద్ధతీ, పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహము’లో తెలుగు మాటలను వర్గాలుగా కూర్చిన పద్ధతీ తెలిసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు.

ఈ పుస్తకంలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది దాని పీఠికలోని ఒక మాట. మారుమూల పల్లెల వారికి కొరియన్ లిపి రాదు కనుక దానిని మొదట్లోనే ఇస్తున్నాననీ, ముందు అది నేర్చుకుని తరువాత ఈ అక్షరాలు చదివితే గురువు లేకపోయినా చదువుకున్నవాళ్ళు కాగలరనీ ఆయన భావం. రాజధానికీ పాఠశాలకూ దూరంగా ఉన్నవాణ్ణి దృష్టిలో పెట్టుకుని, దాదాపు అయిదు వందల ఏళ్ళ కిందట, స్వయంశిక్షణ కోసం రాసిన మాట అది. దూరప్రాంతాల తెలుగు విద్యార్థులు దీన్ని ఒకటికి రెండుసార్లు చదవాలని మా కోరిక.

ఆయన పాటించిన పద్ధతి జంటపద్ధతి. ప్రతి చైనా అక్షరానికీ ముందు అచ్చకొరియన్ అర్థం, వెంటనే చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ. ఆకాశానికి ‘హనుల్ ఛొన్’, నీటికి ‘ముల్ సు’, చెట్టుకు ‘నము మోక్’. కొరియాలో నేటికీ అక్షరం పేరు అడిగితే ఈ జంటనే చెబుతారు. మన భాషలో ‘నీరు జల’, ‘చెట్టు వృక్ష’ అని కలిపి చెప్పినట్టన్నమాట. కొరియన్ పదసంపద రెండు అంతస్తుల ఇల్లు. కింద దేశ్యాలు, పైన చైనా నుంచి వచ్చిన మాటలు. తత్సమం, దేశ్యం అన్న భేదం వ్యాకరణంలో చదివిన తెలుగువాడికి ఈ ఇంటి మెట్లు ముందే తెలుసు. ‘ముల్’ అంటే నీరు. కాని వరద ‘హోంగ్సు’, తాగేందుకు అమ్మే సీసా నీరు ‘సెంగ్సు’. మనం నీళ్ళు తాగుతాం, కాని జలాశయం అంటాం, జలపాతం అంటాం. అలాగే ‘హక్’ అనే ఒక్క ముక్క తెలిస్తే బడి ‘హక్క్యో’, విద్యార్థి ‘హక్సెంగ్’, విశ్వవిద్యాలయం ‘తేహక్’ ఒకే కుటుంబంగా కనిపిస్తాయి. నలభై మాటలు విడివిడిగా కాక, రోజుకు ఒక ముక్కా దాని నాలుగు సంతానాలూ చాలు. అంకెలకూ రెండు వరుసలున్నాయి. గడియారంలో గంటలను దేశ్య సంఖ్యలతోనూ నిమిషాలను చైనా సంఖ్యలతోనూ చెబుతారు. మర్యాద కూడా ఈ అంతస్తులను బట్టే చాలాచోట్ల మారుతుంది. పిల్లవాడి పేరు ‘ఇరుమ్’, పెద్దవారి పేరు ‘సొంగ్‌హమ్’. మనవాళ్ళు పెద్దలను ‘తమ నామధేయం?’ అని అడగడం ఇలాంటిదే.

ఈ పద్ధతిలో ఒక గొయ్యి ఉంది. ‘మోక్సు’ అంటే చెట్టూ నీరూ అనుకోకూడదు. అది వడ్రంగి. ఇక్కడి ‘సు’ చేయి అనే అర్థం గల వేరే అక్షరం. మన ‘కర’ శబ్దం చేతికీ పన్నుకూ కిరణానికీ వాడినట్టే. కనుక ముక్క నేర్చినా దానిని మాటలో చూడాలి, మాటను వాక్యంలో చూడాలి.

ఇక ఉచ్చారణ. రోమన్ లిపిలో రాసుకుని నేర్చేవారు చెడిపోవడం మేము చూస్తూనే ఉన్నాం. కొరియన్‌లో ‘క’కూ ‘గ’కూ ఒకే అక్షరం. మాట మొదట్లో ‘క’ లాగా, అచ్చుల నడుమ ‘గ’ లాగా పలుకుతుంది. మాంసాన్ని ‘కోగి’ అంటారు. రెండు హల్లులకూ రాత ఒక్కటే. తమిళనాడు విద్యార్థులకు ఇది చిటికెలో పని. ‘పాంబు’ అనే మాటలో ‘ప’కూ ‘బ’కూ తమిళం ఒకే అక్షరం రాస్తుంది కదా. అయితే ఒత్తక్షరమూ బిగించి పలికే అక్షరమూ కొరియన్‌లో వేరువేరు, అవి మారితే అర్థం మారుతుంది. ఆ విషయంలో తమిళ లిపి కన్నా తెలుగు చెవి మేలు. రెండు భాషల మధ్య పెరగడం లోటు అనుకునే పిల్లలకు ఈ మాట చెప్పాలనిపించింది.

వాక్యంలో నేర్పడమనే పద్ధతి సముద్రం దాటి జపాన్‌కు వెళ్ళింది. కొరియాతో వర్తకం జరిపే త్సుషిమా ద్వీపంలో అమెనొమొరి హోషు అనే పండితుడు ఉండేవాడు. ముప్పయ్యైదేళ్ళ వయసులో, 1703లో, పుసాన్‌లోని జపాన్ వర్తక గృహానికి వెళ్ళి కొరియన్ నేర్చుకున్నాడు. 1727లో త్సుషిమాలో కొరియన్ దుబాసీల బడి పెట్టించాడు. ‘కోరిన్ సుచి’ అనే పాఠ్యగ్రంథం ఆయనదేనని సంప్రదాయం. అందులో విషయాల వారీగా ఒక్కొక్క మాటా తలకట్టుగా, దాని కింద ఆ మాట వచ్చే చిన్న కొరియన్ వాక్యం, పక్కన జపానీ అర్థం. ఒంటరి మాట అందులో లేదు. 1881లో అది అచ్చయింది కూడా.

ఆ పుస్తకపు చేతిరాత ప్రతి ఒకటి దొరికిన చోటు మన పాఠకులకు ముఖ్యం. 1598లో కొరియా యుద్ధం ముగిసి తిరిగి వెళుతూ సత్సుమా సేనలు కొరియన్ కుమ్మరులను వెంట తీసుకుపోయాయి. వారిలో కొందరు నయెషిరోగవా అనే ఊళ్ళో స్థిరపడ్డారు. సత్సుమా ప్రభువులు వారి పేర్లను, కట్టుబొట్టును మార్చుకోనీయలేదు. తీరానికి కొట్టుకువచ్చే కొరియన్ నావికులతో మాట్లాడడానికి వారిలోంచే దుబాసీలను ఎంచుకున్నారు. కానీ తరాలు గడిచే కొద్దీ తల్లి నోట వినే మాట తగ్గిపోయింది. తాతల భాషను మనుమలు ‘కోరిన్ సుచి’ ప్రతి రాసుకుని పుస్తకం చూసి నేర్చుకోవలసి వచ్చింది. ఆ ఊరి ప్రతులు క్యోటో విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మైజీ కాలంలో దుబాసీల అవసరం పోయాక ఆ చదువూ పోయింది. పేరూ చక్రమూ మిగిలాయి, భాష మిగల్లేదు. దీన్ని బట్టి పుస్తకం వ్యర్థమని మేము అనడం లేదు. రెండు శతాబ్దాలకు పైగా ఆ భాషను పట్టి ఉంచినవాటిలో పుస్తకమూ ఒకటి. కాని కొలువు కోసం మాత్రమే చదివిన భాష కొలువుతోనే వెళ్ళిపోయింది.

తరువాతి వాడు జాన్ రాస్ అనే స్కాట్లండు మిషనరీ. అప్పటికి కొరియాలోకి పాశ్చాత్యులకు ప్రవేశం లేదు. మంచూరియాలో ఉంటూ సరిహద్దు పట్టణమైన ఉయిజు నుంచి వచ్చిన కొరియన్ల దగ్గర భాష నేర్చి 1877లో షాంఘైలో ‘కొరియన్ ప్రైమర్’ అచ్చువేశాడు. సంభాషణ వాక్యాలు, మాటకూ మాటకూ నడుమ ఖాళీ, ఎడమ నుంచి కుడికి వరుస. కొరియన్‌ను అలా విడదీసి అచ్చువేసిన తొలి పుస్తకం అదే. అందులోని భాష సియోల్‌ది కాదు, వాయవ్య మాండలికం. అది తప్పని ఎత్తిచూపినవారున్నారు. మాకు మాత్రం అది తప్పుగా తోచదు. ఎవరి నోట విన్నాడో వారి మాటే రాశాడు. నేటి భాషాచరిత్రకారులకు ఆ మాండలికానికి అదొక సాక్ష్యం.

ఇక మనవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది. కొరియన్‌లో అమ్మను ‘ఒమ్మా’ అనీ నాన్నను ‘అప్పా’ అనీ అంటారు కదా, అది మన చుట్టమేనా? సియోల్‌లో బోధించడానికి 1886లో వెళ్ళిన హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఏకంగా ఒక వ్యాకరణమే రాశాడు. గడ్డికి కొరియన్‌లో ‘పుల్’, తమిళంలోనూ ‘పుల్’, కన్నడంలో ‘హుల్లు’. రోజుకు కొరియన్‌లో ‘నల్’, తమిళంలో ‘నాళ్’, తెలుగులో ‘నాడు’. చదువుకునే రోజుల్లో ఈ జాబితా చూసి మా గుండె కూడా ఉప్పొంగింది. కాని పోలికలు ఏరడం వేరు, నియమం చూపడం వేరు. కన్నడ ‘కివి’కి తెలుగు ‘చెవి’, ‘కెరె’కు ‘చెరువు’, ‘కెడు’కు ‘చెడు’. ఇది వరుస తప్పని నియమం. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ 1816లో రాసిన ఉపోద్ఘాతం నిలబడిందంటే, అందులో ధాతువులను ఇలా వరుసపెట్టి పోల్చినందువల్లే. కొరియన్‌కూ మనకూ నడుమ అలాంటి నియమాన్ని ఎవరూ స్థాపించలేదు. అమ్మ, అప్ప వంటి మాటలు పసిపిల్లల పెదవుల నుంచి లోకమంతటా పుడుతూనే ఉన్నాయి. వాటిని జ్ఞాపకానికి కొక్కెంగా వాడుకోవచ్చు, చుట్టరికానికి సాక్ష్యంగా వాడకూడదు. క్రియ చివర రావడం, విభక్తి మాట వెనక చేరడం మనకు నేర్చుకోవడాన్ని తేలిక చేస్తాయి. ఆ లాభం చుట్టరికం లేకపోయినా దక్కుతుంది.

కొరియన్లకే తమ భాష సొంతంగా నేర్చుకోవలసిన గతి పట్టిన కాలం కూడా ఉంది. జపాన్ పాలనలో 1938లో పాఠశాలల్లో కొరియన్ ఐచ్ఛికమై క్రమంగా మాయమైంది. అంతకుముందే భాషా సంఘం వారు నిఘంటువు పని ఎత్తుకున్నారు. సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థుల చేత ఊళ్ళ మాటలు ఏరించారు. 1942లో సంఘం వారిని అరెస్టు చేశారు. ఇద్దరు జైలులోనే చనిపోయారు. సాక్ష్యంగా పట్టుకుపోయిన రాతప్రతి 1945 సెప్టెంబరులో సియోల్ రైల్వే స్టేషను గోదాములో బయటపడింది. దాని ఆధారంగా 1947 నుంచి 1957 వరకు ఆరు సంపుటాలు వెలువడ్డాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘మాండలిక వృత్తిపదకోశం’ 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన సంగతి మన విద్యార్థులకు తెలిసే ఉంటుంది. సరిహద్దు దాటిన ఊళ్ళ మాటలు ఏరవలసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఛ్వే సెజిన్ పుస్తకంలో కొండకు ‘మ్వే’ అనీ నదికి ‘కరమ్’ అనీ అచ్చకొరియన్ మాటలున్నాయి. ఇవాళ వీధిలో ఎవరూ అలా అనరు. చైనా నుంచి వచ్చిన ‘సన్’, ‘కంగ్’ వాటి చోటు ఆక్రమించాయి. జంటగా రాసిపెట్టాడు కనుక పాత మాట కాగితం మీదైనా నిలిచింది.

హోసూరు అమ్మాయికి మేము చెప్పింది ఒక్కటే. మొదటి రెండు వరుసలూ అలాగే ఉంచి, మూడో వరుసను తెలుగు లిపిలో తిరగరాయమన్నాం. లిపికి వారం చాలని తనే రుజువు చేసింది కదా. మూడు వారాలకు తొమ్మిది పేజీలు తెచ్చింది. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయి, దానికేం లేదు. అయిదో పేజీలో, ఇంటి సామాన్ల వర్గంలో, ఏడెనిమిది కొరియన్ మాటల ఎదుట మూడో వరుస ఖాళీగా ఉంది. అక్కడ పెన్సిలుతో రాసుకుంది: అవ్వను అడగాలి.