51 అంగుళాలు

1908 డిసెంబరు. అమెరికాలోని నార్త్ కరోలినా, విట్నెల్ నూలు మిల్లు. తలుపు దాటగానే చెవులు దిబ్బళ్లు పడతాయి. కదుళ్ల హోరు. కాళ్ల కింద నేల అదురుతోంది. ఊపిరి పీలిస్తే దూది నుసి గొంతుకు అంటుకుంటోంది.

మీ భుజం మీద కెమెరా పెట్టె. లోపల గాజు పలకలు. ముందు నడుస్తున్నది లూయిస్ హైన్. మొన్నటిదాకా న్యూయార్క్‌లో బడిపంతులు. ఇప్పుడు జాతీయ బాలకార్మిక కమిటీ తరఫున పిల్లలు పనిచేసే చోట్లకు వెళ్లి ఫొటోలు తీస్తున్నాడు. నిజం చెబితే గేటు తీయని చోట పోస్టుకార్డులు అమ్మేవాడినంటాడు, అగ్నిప్రమాదాల తనిఖీకి వచ్చానంటాడు. దొరికితే కొడతామని మేస్త్రీలు బెదిరించిన చోట్లూ ఉన్నాయి.

కిటికీ పక్కన ఒక పాప. చెయ్యి యంత్రం మీద ఉంది. పోగు తెగితే అతకాలి.

హైన్ ఆమె పక్కన నిలబడతాడు. ఆమె తల తన కోటు ఏ గుండీ దాకా వచ్చిందో చూసుకుంటాడు. ప్రతి గుండీ నేలకు ఎంత ఎత్తులో ఉందో ఆయన ముందే కొలిచి పెట్టుకున్నాడు. 51 అంగుళాలు. మీ ఇంట్లో మూడో తరగతి చదివే పిల్లంత.

వయసడిగితే తటపటాయిస్తుంది. గుర్తులేదంటుంది. తర్వాత రహస్యంగా చెబుతుంది: పనిచేసే వయసు ఇంకా రాలేదట, అయినా చేస్తోందట. ఏడాదిగా ఇక్కడే. కొన్నాళ్లు రాత్రిపూట కూడా. రోజుకు 48 సెంట్లు.

హైన్ చెయ్యి జేబులోంచి బయటికి రాదు. లోపలే పెన్సిలు కదులుతోంది. ఎందుకంటే ఉత్త ఫొటో అయితే, అమ్మకు అన్నం తెచ్చిన పిల్ల అని యజమాని కొట్టిపారేస్తాడు. పక్కన ఎత్తూ కూలీ ఊరూ తేదీ ఉంటే కాదనలేడు.

వరస చివర బూట్ల చప్పుడు.

మేస్త్రీ.

పెట్టె మూసేస్తారా? నిలబడతారా?

పాప కదలదు. మీరూ కదలరు.

టక్.

పలక లోపలికి. జేబులో కాగితం భద్రం. నడవండి. పరుగెత్తకండి.

పిల్లల్ని పనిలో పెట్టకుండా ఆపే చట్టం ఈ ఒక్క పలకతో రాదు. వేల ఫొటోలు కావాలి. 1916లో వచ్చే చట్టాన్ని 1918లో సుప్రీంకోర్టు కొట్టేస్తుంది. నిలబడే చట్టం 1938లో గానీ రాదు. అప్పటికి ఈ పాప బాల్యం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఈ మిల్లులో 50 మంది పనివాళ్లు. ఈ పాపంత పిల్లలు పదిమంది. ఇంకా తొమ్మిది మంది మిగిలారు.

పెట్టె ఎత్తుకోండి.