క్షయ కాని క్షయ

"ఇస్నోఫీలియా" అన్న మాట వినని తెలుగిల్లు ఉంటుందా? పగలంతా చలాకీగా తిరిగిన మనిషి రాత్రి నడుం వాల్చగానే ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంటే, "ఇస్నోఫీలియా అయ్యుంటుందమ్మా, రక్తం పరీక్ష చేయించండి" అని పక్కింటి పిన్నిగారే తేల్చేస్తారు. అసలు మాట ఈసినోఫిలియా. మన నోళ్ళలో పడి అలా నలిగింది.

1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే యువవైద్యుడు రక్తపు చుక్కకు రంగులద్ది చూస్తుంటే, కొన్ని తెల్లకణాలు 'ఈసిన్' అనే రంగును ఇష్టంగా పీల్చుకుని ఎర్రగా మెరిశాయట. గ్రీకుల ఉషాదేవి ఈయోస్ పేరే ఆ రంగుకు పెట్టారు. తెల్లకణాల్లో ఇవి మామూలుగా నూటికి ఆరుకు మించవు. కడుపులో పురుగులున్నా, ఏదో పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచినా పెరుగుతాయి. కాపలావాళ్ళే మరీ ఎక్కువైతే ఇల్లు గుల్లే కదా! చర్మం, ఊపిరితిత్తులు, పేగులు, చివరికి గుండె కూడా వీటి తాకిడికి దెబ్బతినవచ్చు.

ఈ కథలో ఒక ముఖ్యఘట్టం మన మదనపల్లె దగ్గరే జరిగింది. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియానికి ఎందరో దగ్గుతూ వచ్చేవారు. వారిలో కొందరికి ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలున్నా, కఫంలో క్షయ క్రిములు మాత్రం కనిపించేవి కావు. రక్తంలో చూస్తే ఈసినోఫిల్ కణాలు విపరీతం! డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమట్ మోలర్, డాక్టర్ బార్టన్ 1940లో ఈ "క్షయలాంటి జబ్బు"ను గురించి వైద్యపత్రికలో రాశారు.

ఇందులో ఏముంది అనుకోకండి. అప్పటికి క్షయకు మందు లేదు. ఆ పేరు పడితే పెళ్ళి కావలసిన పిల్లకు సంబంధం రాదు, కాపురం చేసుకుంటున్న ఇల్లాలికి కంచమూ మంచమూ వేరు. "నీది క్షయ కాదమ్మా" అన్న ఒక్కమాట ఎన్ని బతుకులను నిలబెట్టగలదో ఆలోచించండి.

1943లో బొంబాయిలోని డాక్టర్ వైన్‌గార్టెన్ దీనికి 'ట్రాపికల్ ఈసినోఫిలియా' అని పేరుపెట్టి, పాషాణం కలిసిన ఇంజెక్షన్లతో నయమవుతోందని చెప్పారు. విషంతో వైద్యమన్నమాట! మూలకారణం దోమకాటుతో ఒంట్లో చేరే బోదకాలు పురుగేనని తర్వాత తెలిసింది. దాని పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే, వాటిమీదికి శరీరం చేసే దండయాత్రే ఈ దగ్గు, ఈ ఆయాసం.

చిత్రమేమిటంటే, విరుగుడూ మన తెలుగువాడి చలవే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా, ఆయన బృందం 1947లో బోదకాలుకు హెట్రజాన్ మందు కనిపెట్టింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. 1950ల్లో ఆ మందే ఈ దగ్గుకూ పనిచేస్తుందని రుజువైంది. పాపం, ఆ సంగతి ఆయన చూడనేలేదు.

పెరిగిన ప్రతి ఈసినోఫిల్ లెక్కా ఈ జబ్బే కాదు. కారణమేదో డాక్టరు తేల్చాలి, పిన్నిగారు కాదు! బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి, మింగేదాకా నిలబడి ఆరోగ్యకార్యకర్త ఇచ్చే డి.ఇ.సి. మాత్ర ఉందే, అది ఆ హెట్రజానే. పారేయకండి. సుబ్బారావుగారు మనింటికి పంపిన మందది.