ప్రోజాక్ పుట్టుపూర్వోత్తరాలు

మానసిక కుంగుబాటును మందులతో నయం చేయవచ్చునన్న నమ్మకం 1950లలో అనుకోకుండా బలపడింది. అమెరికాలో క్షయరోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్ వారిలో ఊహించని ఉత్సాహం రేపగా, స్విట్జర్లాండులో రోలండ్ కూన్ స్కిజోఫ్రెనియా రోగులపై పరీక్షించిన ఇమిప్రమిన్ ఆ జబ్బుకు పనికిరాక, కుంగుబాటుకు పనిచేసింది. అయితే ఇమిప్రమిన్ కోవకు చెందిన మందులు మోతాదు మించితే గుండె లయను దెబ్బతీసి ప్రాణాపాయం తెచ్చేవి గనుక, అంతకన్నా క్షేమకరమైన మందు కోసం అన్వేషణ సాగింది.

ఆ అన్వేషణ సెరటోనిన్ మీద కేంద్రీకృతమైంది. ఒక నాడీకణం నుంచి మరొకదానికి సంకేతాన్ని చేరవేసే ఈ రసాయనాన్ని, పని ముగిశాక, విడుదల చేసిన కణమే ఒక ప్రత్యేక ప్రోటీన్ సాయంతో తిరిగి లోపలికి తీసుకుంటుంది. ప్రధానంగా ఆ ప్రోటీన్‌నే అడ్డగించి, కణాల నడుమ సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేలా చేసే మందులను ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కృషితో రూపొందిన జిమెలిడిన్ 1982లో మార్కెట్‌కు వచ్చినా, కొందరిలో నరాలను బలహీనపరిచే గిలియన్-బారే వ్యాధి కనిపించడంతో 1983లోనే దానిని ఉపసంహరించారు. ఇండియానాపోలిస్‌లోని ఎలై లిల్లీ సంస్థలో బ్రయన్ మోలాయ్ అలర్జీ మందైన డైఫెన్‌హైడ్రమిన్ ఆధారంగా తయారుచేయించిన పదార్థాలను, డేవిడ్ వాంగ్ బృందం ఎలుక మెదడు నుంచి వేరుచేసిన నాడీకణాల కొసలపై పరీక్షించి, 1972లో ఫ్లూఆక్సెటిన్‌ను గుర్తించింది. 1987 డిసెంబరులో అమెరికా అనుమతి పొందిన ఆ మందే ప్రోజాక్.

ఈ మందు ప్రోటీన్‌ను గంటల్లోనే అడ్డగించినా, ఉపశమనం చాలామందిలో కొన్ని వారాలకు గాని కలగదు. కాబట్టి సెరటోనిన్ లోపమే కుంగుబాటుకు కారణమన్న వివరణ సరిపోదని, మెదడు క్రమంగా సర్దుకోవడమే అసలు ప్రక్రియ కావచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ప్రమాదాలనూ తేలికగా తీసుకోరాదు. వికారం, నిద్రలేమి, లైంగికాసక్తి తగ్గడం తరచుగా కనిపిస్తాయి. వృద్ధులలో రక్తంలోని సోడియం పడిపోవచ్చు. ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలతో కలిస్తే రక్తస్రావం, ట్రమడాల్ వంటివాటితో కలిస్తే జ్వరం, వణుకు, అయోమయంతో కూడిన సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. పిల్లల్లో, కౌమారుల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చునని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీచేసి, 2007లో దానిని 24 ఏళ్ల వయసువారి వరకు విస్తరించింది. హఠాత్తుగా మానేస్తే తలతిరుగుడు, ఆందోళన, షాక్ కొట్టినట్లుండే జలదరింపులు కలగవచ్చు.

కాబట్టి ఈ మందును మొదలుపెట్టడమైనా, మోతాదు మార్చడమైనా, మానడమైనా వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. తొలి వారాలలో రోగిని కుటుంబసభ్యులు కనిపెట్టి ఉండాలి.