పేర్లలో సొంతూరు లేని కోడి

1612లో జహంగీర్ చక్రవర్తి పంపగా గోవా వెళ్లిన ముకర్రబ్ ఖాన్, అక్కడ దొరికిన వింత జంతువులను కొని దర్బారుకు తెచ్చాడు. వాటిలో ఒక పక్షి పాదుషాను కట్టిపడేసింది. అది ఆడ నెమలి కంటే పెద్దది, మగ నెమలి కంటే చిన్నది. ఎదకొస్తే పురి విప్పి ఆడుతుంది. తల, మెడ, గొంతు కింద వేలాడే తోలు ఒకసారి పగడంలా ఎర్రబడతాయి, కాసేపటికి పత్తిలా తెల్లబడతాయి, ఆపైన ఫిరోజా రాయి రంగుకు తిరుగుతాయి. ఇదంతా జహంగీర్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఈ జీవాల పేర్లు ఎవరికీ తెలియవనీ రాశాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ టర్కీ కోడి బొమ్మ ఇప్పటికీ ఉంది.

పేరు తెలియదని ఒప్పుకున్న పాదుషాయే నయం. మిగతా లోకమంతా తోచిన పేరు పెట్టేసింది. ఆఫ్రికా గిన్నీ కోళ్లు తురుష్క వర్తకుల చేతుల మీదుగా వస్తాయని ఇంగ్లిషువాళ్లు వాటిని టర్కీ కోళ్లనేవారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడలు మెక్సికో నుంచి ఈ పక్షిని తెచ్చాక ఆ పేరు దీనికి అంటుకుంది. తురుష్కులేమో దీన్ని ‘హిందీ’ అన్నారు. ఫ్రెంచివాళ్ల ‘దాంద్’ అన్నా భారతదేశపుదనే. డచ్చివాళ్లు ఏకంగా మన కాలికట్‌కు ముడిపెట్టి ‘కల్కూన్’ అన్నారు. పోర్చుగీసులకు అది ‘పెరూ’. 1758లో శాస్త్రవేత్త లిన్నేయస్ ఇచ్చిన శాస్త్రీయ నామంలోనూ మొదటి మాట గ్రీకుల గిన్నీ కోడిదే. మెక్సికో నుంచి వచ్చిన చెట్టును మనం సీమచింత అనలేదూ!

అమెరికా చేరిన ఇంగ్లిషులో ‘టర్కీ’ అనే మాట మరీ చవకబారిపోయింది. చతికిలబడిన నాటకం టర్కీ, తెలివితక్కువ మనిషి టర్కీ. వ్యసనాన్ని ఉన్నపళంగా మానేయడం ‘కోల్డ్ టర్కీ’. బౌలింగ్ ఆటలో వరసగా మూడు స్ట్రైకులు పడితే మాత్రం అదే మాట మెప్పు అవుతుంది.

నాకు బాధ కలిగించేది ఆ తిట్లు కాదు. అడవి పక్షిని రెండు వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసి పెంచిన మెక్సికో జనాన్ని ఇన్ని దేశాల పేర్లలో ఒక్కటీ తలుచుకోకపోవడం. వహాకా ప్రాంతంలోని మిట్లాలో పురావస్తు తవ్వకాల్లో, సుమారు 1,500 ఏళ్ల నాటి ఇళ్ల దగ్గర ఈ కోడి గుడ్లు పగలకుండా దొరికాయి. పక్కనే అప్పుడప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లల ఎముకలున్నాయి. దేవుడికో పితరులకో నైవేద్యంగా పెట్టి పూడ్చినవని పరిశోధకుల భావన.

అయినా పెంచినవాళ్లు పెట్టిన పేరు చెరిగిపోలేదు. ఆజ్టెక్కుల నహువా భాషలో ఈ కోడి ‘వెషోలోత్ల్’. దాన్నే మెక్సికో స్పానిష్ ‘గ్వాహొలోతే’గా మార్చుకుంది. పండగలకూ పెళ్లిళ్లకూ అక్కడి పల్లెల్లో ఎండు మిరపకాయలు నూరి వండే మోలే పులుసులో ఈ కోడి మాంసం వేస్తారు. వంట దగ్గర ఆడవాళ్ల నోట వినిపించేది ఆ పాత పేరే.