వాళ్ళ కాపురం, మన హాజరు

బాపట్ల దాటి చీరాల వైపు వెళ్ళే రైల్లో కూర్చుంటే స్టువర్టుపురం స్టేషన్ బోర్డు కనిపిస్తుంది. ఆ స్టువర్ట్ ఎవరని పిల్లలు అడుగుతారు. హెరాల్డ్ స్టువర్ట్ మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి. ఆ ఊళ్ళో కాపురం చేసినవాడు కాదు. ఆయన పేరు బోర్డు మీద ఉంది కాబట్టి అందరికీ తెలుసు. ఆ ఊరి పుట్టుకకు కారణమైన ఆలోచన మాత్రం ఇంకొకరిది. పరాయి దేశంలో కాపురం పెట్టిన, వయసు మళ్ళిన ఒక మిషనరీ జంటది. ఆ జంట గురించి మన పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

ఆయన ఫ్రెడరిక్ టక్కర్. 1853లో బీహారులోని ముంగేర్‌లో పుట్టాడు. ఇంగ్లండులో చదివి, ఐ.సి.ఎస్. అధికారిగా పంజాబులో పనిచేశాడు. 1881లో ఆ ఉద్యోగం వదిలేసి సాల్వేషన్ ఆర్మీలో చేరాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ముగ్గురు తోడుతో బొంబాయిలో ఓడ దిగాడు. దొరల బూట్లు, టోపీ తీసేసి కాషాయం కట్టాడు, తలపాగా చుట్టాడు, చెప్పులు లేకుండా నడిచాడు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. నేల మీద కూర్చుని చేత్తో అన్నం తిన్నాడు. బజారులో ఊరేగింపు తీసినందుకు సొంత ప్రభుత్వమే జైల్లో పెట్టింది. తెల్లదొర బిచ్చగాడి వేషం వేస్తే దొరతనానికి చిన్నతనమని తోటి తెల్లవాళ్ళకు కోపం.

ఆ బతుకు తేలికైంది కాదు. మొదటి భార్య లూయిసా 1887లో ఇక్కడే పోయింది. తర్వాత సంస్థ స్థాపకుడు విలియం బూత్ కూతురు ఎమ్మాను పెళ్ళాడి, భార్య ఇంటిపేరును తన పేరు ముందు చేర్చుకుని బూత్-టక్కర్ అయ్యాడు. (మగవాడు భార్య ఇంటిపేరు పెట్టుకోవడం ఆ కాలానికి చిన్న సంగతేమీ కాదు.) 1903లో అమెరికాలో రైలు ప్రమాదంలో ఎమ్మా చనిపోయింది. 1906లో మేరీ రీడ్‌ను చేసుకున్నాడు. ఆమె కూడా ఆ సంస్థ అధికారిణే. భర్త అధికారి అయితే భార్య కూడా అధికారిణిగా పనిచేయాలన్నది వాళ్ళ నియమం. మరుసటి ఏడాది ఇద్దరూ భారతదేశం వచ్చారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు. అది మనవాళ్ళు పెద్దరికం ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టే వయసు. ఆ వయసులో మళ్ళీ ఎండ, జ్వరం, కొత్త నీళ్ళు. పన్నెండేళ్ళు ఉన్నారు.

ఈ జంటను తిట్టిపోయడానికి మేము కూర్చోలేదు. ఇల్లూ ఉద్యోగమూ వదిలి, తిండీ బట్టా పేరూ మార్చుకున్నవాళ్ళ కష్టాన్ని కాదనలేం. కానీ ఆ మార్పులన్నీ వాళ్ళు కోరి తెచ్చుకున్నవి. వద్దనుకున్న రోజు ఓడ ఎక్కవచ్చు. ఇక్కడే మాకు ఎరుకల తాత గుర్తుకొస్తాడు.

ఎరుకల వాళ్ళలో ఉప్పు ఎరుకల అని ఒక శాఖ ఉంది. పేరులోనే పని ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పు ఎత్తి, పశువుల మీద వేసి, మెట్ట ప్రాంతాలకు తీసుకెళ్ళి, ధాన్యానికి మారకం వేసేవాళ్ళు. బుట్టలు అల్లే వాళ్ళది ఒక దారి, సోది చెప్పే ఎరుకలసానిది ఒక దారి. తిరగడమే వాళ్ళ కాపురం. ఉప్పును కంపెనీ దొరలు గుత్తకు తీసుకున్నారు. తర్వాత రైలు వచ్చి, పశువు మోసే బరువును బండి పెట్టెల్లోకి ఎత్తుకుపోయింది. వ్యాపారం పోయాక కూడా తిరుగుతున్నారు కాబట్టి అనుమానం వచ్చింది. ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికీ తెచ్చారు. వేలిముద్రలు, పేర్ల పట్టీ, హాజరు, ఊరు దాటితే చీటీ. తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లల్ని విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. నేరం చేసినవాడికి కాదు, ఆ కులంలో పుట్టినవాడికి.

బూత్-టక్కర్ దగ్గర ప్రభుత్వానికి నచ్చే మాట ఉంది. ఈ జాతులను జైల్లో పెట్టకండి, మాకు ఇవ్వండి, పని నేర్పి మారుస్తాం అన్నాడు. 1908లో గోరఖ్‌పూర్‌లో డోమ్‌లతో మొదలుపెట్టారు. మగ్గాలు, పట్టుపురుగులు, వ్యవసాయం. ఒకప్పుడు తనను జైల్లో పెట్టిన ప్రభుత్వమే 1913లో ఆయనకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. స్టువర్టుపురం పుట్టిందీ ఆ రోజుల్లోనే. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ దించారు. కొందరికి భూమి ఇచ్చారు. చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలు కావాల్సి వచ్చినప్పుడు సెటిల్‌మెంటు దగ్గరే ఉంది, హాజరు పట్టీ సిద్ధంగా ఉంది. కూలి మనిషి పారిపోతే వెతకడానికి పోలీసు ఉన్నాడు. అలాంటి కూలి ఏ యజమానికి చేదు?

ఆ జంట వాళ్ళ కోణం నుంచి చూస్తే ఇదంతా దయే. తిరిగేవాడికి ఇల్లు ఇచ్చాం, ఆకలిగొన్నవాడికి పని ఇచ్చాం అనుకున్నారు. నిజంగా కొందరి కడుపు నిండింది, కొందరి పిల్లలు చదువుకున్నారు. ఆ బడిలో అక్షరం దిద్దిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. కాదంటే అబద్ధం అవుతుంది. కానీ ఒకటి మాకు మింగుడు పడదు. పరాయి నేల మీద కొత్త బతుకు మొదలుపెట్టడం ఎంత కష్టమో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కొత్త పేరుకు పలకడం, అలవాటు లేని తిండి తినడం, నలుగురి నవ్వు భరించడం అన్నీ చవిచూసిన మనిషి. అలాంటివాడు, దారే ఇల్లుగా బతికినవాడిని ఒకచోట కట్టేసినప్పుడు వాడి లోపల ఏమవుతుందో ఎందుకు అడగలేదు? చెప్పులు విడిచి మన పక్కన నడిచిన కాళ్ళే, వయసు వచ్చాక మన నడకకు చీటీ అడిగాయి.

మేరీ గురించి రాద్దామని వెతికితే దొరికేది తక్కువ. ఆయన పేరు పక్కన ఆమె పేరు ఉంటుంది, అంతే. ఎరుకలసాని పేరైతే హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. గద్దెబుట్ట పట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పే ఆడమనిషి, పక్క ఊరికి వెళ్ళడానికి దొర సంతకం కోసం నిలబడిన రోజులు ఎవరూ రాసిపెట్టలేదు. టీచర్లు తలుచుకుంటే మన అవ్వల దగ్గర ఇంకా కొంత దొరుకుతుంది. త్వరపడాలి.

1919లో ఆ దంపతులు ఇంగ్లండు వెళ్ళిపోయారు. 1929లో ఆయన లండనులో కన్నుమూశాడు. నేరస్థ జాతుల చట్టం మాత్రం మద్రాసు రాజధానిలో 1947 దాకా ఉంది. అంటే వాళ్ళు ఓడ ఎక్కాక కూడా ఇరవై ఎనిమిదేళ్ళ పాటు మనవాళ్ళు హాజరు పలికారు. మా పెద్దవాళ్ళు ఆ తర్వాత కూడా ‘ఊరికి పోతున్నా’ అనేవారు కాదు, ‘సెటిల్‌మెంటుకు పోతున్నా’ అనేవారు.