వేలానికి వచ్చిన ప్రజల చిత్రం: లౌరీ ‘గోయింగ్ టు ద మ్యాచ్’ (1953–2022)

ఉపోద్ఘాతం:
ఎల్. ఎస్. లౌరీ (1887–1976) చిత్రించిన ‘గోయింగ్ టు ద మ్యాచ్’ 2022 అక్టోబరు 19న లండన్‌లో క్రిస్టీస్ సంస్థ నిర్వహించిన ఆధునిక బ్రిటిష్, ఐరిష్ కళాఖండాల వేలంలో అమ్ముడైంది. ఒక చిత్రాన్ని ప్రజలు చూడగలగడం వేరు, అది ప్రజల సొత్తు కావడం వేరు. ఈ భేదాన్ని ఆ వేలం ఎలా బయటపెట్టిందో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

చిత్ర నేపథ్యం:
లౌరీ మాంచెస్టర్‌లో ఇళ్ల అద్దెలు వసూలు చేసే ఉద్యోగి. 1952లో పదవీ విరమణ చేసేవరకు ఆ ఉద్యోగంలోనే కొనసాగాడు. చిత్రకళను సాయంకాలపు తరగతుల్లో అభ్యసించాడు. అద్దెల కోసం తిరిగిన వీధులే ఆయన చిత్రాలకు వస్తువులయ్యాయి. ఇంగ్లాండు ఫుట్‌బాల్ అసోసియేషన్ 90వ వార్షికోత్సవ సందర్భంగా 1953లో జరిగిన కళాపోటీలో ఈ చిత్రం బహుమతి పొందింది. ఇందులోని మైదానం బోల్టన్ వాండరర్స్ జట్టుకు చెందిన బర్న్‌డెన్ పార్క్. అయితే చిత్రంలో ప్రధానం ఆట కాదు. ముందుకు వంగి మైదానం వైపు సాగే జనసందోహం. వారి వెనుక ఇళ్ల వరుసలు, మిల్లుల పొగగొట్టాలు. ఆ మైదానం 1997లో మూతపడి, తర్వాత నేలమట్టమైంది. అందువల్ల ఈ చిత్రానికి స్థానిక చరిత్ర సాక్ష్యంగానూ విలువ ఏర్పడింది.

యాజమాన్యం – ప్రదర్శన:
1999లో వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుల సంఘం దీనిని సుమారు 19 లక్షల పౌండ్లకు కొన్నది. 2000లో సాల్ఫర్డ్‌లో ప్రారంభమైన ‘ద లౌరీ’ కళాకేంద్రానికి ఈ చిత్రం ఎరువుగా చేరింది. రెండు దశాబ్దాలకు పైగా సందర్శకులు దీనిని అక్కడే చూశారు. 2022 నాటికి యజమానిగా ఉన్న ప్లేయర్స్ ఫౌండేషన్ అనే ధర్మాదాయ సంస్థ, తన సేవా కార్యక్రమాలకు నిధుల కోసం చిత్రాన్ని అమ్మకానికి పెట్టింది. అంచనా ధర 50 నుంచి 80 లక్షల పౌండ్లు. సాల్ఫర్డ్ మేయర్ పాల్ డెన్నెట్ చిత్రం ప్రజలకు దూరం కారాదని బహిరంగంగా కోరారు. కాని బ్రిటన్‌లో ఎగుమతి అనుమతి నిబంధన చిత్రం దేశం దాటేటప్పుడే వర్తిస్తుంది. దేశంలోనే ఒక ధనికుడు కొని తన ఇంటి గోడకు తగిలించుకుంటే ఆ నిబంధన అడ్డురాదు.

వేలం – ఫలితం:
లా ఫ్యామిలీ ఛారిటబుల్ ఫౌండేషన్ విరాళంతో ‘ద లౌరీ’ కళాకేంద్రమే చిత్రాన్ని దక్కించుకుంది. రుసుములతో కలిపి ధర సుమారు 78 లక్షల పౌండ్లు. అప్పటికి లౌరీ చిత్రాలకు పలికిన ధరల్లో ఇదే అత్యధికం. ఒక ధర్మాదాయ సంస్థ అమ్మగా, మరో ధర్మాదాయ సంస్థ ధనంతో కొనుగోలు జరిగింది. చిత్రం మాత్రం తన పాత చోటికే చేరింది.

ముగింపు:
‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత కళాకేంద్రాలకూ వర్తిస్తుంది. ఎరువుగా వచ్చిన చిత్రం యజమాని నిర్ణయం మారేంతవరకే నిలుస్తుంది. సాల్ఫర్డ్‌కు ఆ చిత్రాన్ని మిగిల్చింది చట్టం కాదు, సకాలంలో అందిన ఒక విరాళం. అటువంటి దాత దొరకని చోట కార్మిక జీవితాన్ని చిత్రించిన కళ ఆ కార్మికుల వారసులకే కనిపించకుండా పోగలదు.