కూతకొచ్చినవాణ్ణి ఆపడం: చెడుగుడులో పట్టు చరిత్ర

ఆటల చరిత్రలో మనకు ఎక్కువగా దొరికేవి దాడికి వెళ్ళినవారి పేర్లే. చెడుగుడు గురించి మీ ఊరి పెద్దలను అడిగి చూడండి. ఫలానా ఆయన కూతకు వెళ్తే ఇద్దరినో ముగ్గురినో తాకిగాని తిరిగి వచ్చేవాడు కాదని చెబుతారు. ఆయనను పట్టి ఆపినవాళ్ళ పేర్లు మాత్రం అంత తొందరగా గుర్తుకు రావు. ఎటు పరుగెడతాడో ముందుగా తెలియని ఒక మనిషిని ఏడుగురు కలిసి ఎలా ఆపుతారు? ఆ పద్ధతి కాలక్రమంలో ఎందుకు మారింది? ఈ పాఠభాగంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

మక్తల్ ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోండి. హైదరాబాద్ నుంచి రాయచూరు వెళ్ళే దారిలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ పట్టణం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. తెలుగు, కన్నడ, మరాఠీ జిల్లాలు ఆ రాష్ట్రంలో ఒకే పాలన కింద ఉండేవి. మనం చెడుగుడు అన్నదాన్ని మరాఠీవారు హుతుతు అన్నారు. పేరు మారినట్టే నియమాలూ మారేవి. సంజీవని పద్ధతిలో ఎదుటి జట్టువాడు ఔటైతే మనవాడొకడు తిరిగి బరిలోకి వస్తాడు. గామినీలో జట్టు మొత్తం ఔటయ్యేదాకా ఎవరూ తిరిగి రారు. అమర్ పద్ధతిలో ఎవరూ బయటికి వెళ్ళరు, పాయింట్లు మాత్రమే లెక్క. పట్టేవాడి ధైర్యం ఈ నియమాన్ని బట్టే ఉంటుందని గమనించండి. అమర్‌లో తెగించి దూకవచ్చు. గామినీలో తొందరపడి దూకినవాడు జట్టుకు చాలాసేపు లేనట్టే.

1923లో బరోడాలో నియమాల పుస్తకం అచ్చయింది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. ఈ రెండు తేదీలకన్నా ముఖ్యమైనది మైదానంలో వచ్చిన మార్పు.

గీతలు సరిగా లేని పాత ఆటలో కూతగాడి శ్వాసే గడియారం. అతడు ఎంత వేగంగా పరుగెత్తినా ఊపిరి ఆగేలోపు తన గీత చేరాలి. కాబట్టి పట్టేవారికి తేలికైన ఉపాయం వెనక్కి తగ్గుతూ పోవడం, ఊపిరి తగ్గే సమయానికి చుట్టుముట్టడం. కొలతలు స్థిరపడ్డాక ఈ వెసులుబాటు పోయింది. నేటి పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అంటే ఒక్కో జట్టుకు 6.5 మీటర్ల లోతు మాత్రమే ఉంటుంది. వెనక గీత దాటితే పట్టేవాడే ఔట్. అయితే కూతగాడికీ ఒక కట్టుబాటు పెట్టారు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాల్క్ లైన్‌ను అతడు దాటాలి, లేదా ఎవరినైనా తాకాలి. అంటే ఊరికే అంచున తిరిగి వెళ్ళడానికి వీల్లేదు. తర్వాతి కాలంలో కూతకు 30 సెకన్ల గడువు కూడా వచ్చింది.

ఇప్పుడు ఏడుగురున్నా ఒక్కడిని ఆపడం ఎందుకు కష్టమో చూద్దాం. పట్టు కుదిరితే వచ్చేది ఒక్క పాయింటు. పట్టు జారి అతడు మధ్యగీతను అందుకుంటే, అతడిని తాకినవాళ్ళంతా ఔట్. నలుగురు మీద పడి వదిలేస్తే నాలుగు పాయింట్లు పోతాయి. సాయానికి వచ్చే ప్రతి మనిషితో బలమూ పెరుగుతుంది, నష్టమూ పెరుగుతుంది. అందుకే మంచి జట్టు వెంటపడదు. చేతులు కలిపి గొలుసుగా నిలబడి, అతడు వెనుదిరిగే క్షణం కోసం చూస్తుంది. తిరిగేటప్పుడు బరువంతా ఒక కాలి మీద ఉంటుంది. మూలన ఉన్నవాడు వెనకబడిన కాలి చీలమండను అందుకుంటాడు. అదే క్షణంలో కవర్‌లో ఉన్నవాడు అతడికీ మధ్యగీతకూ మధ్య అడ్డుగా రావాలి. ఒక్కడే ముందు దూకితే మిగిలినవారి శ్రమ వృథా. కుర్రాళ్ళకు నేర్పడానికి అన్నిటికన్నా కష్టమైనది ఈ ఆగడమే.

ఇదే చిక్కు అమెరికా ఫుట్‌బాల్‌లోనూ ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది తెలిసిన ఆటే. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ సాధారణంగా తనవాళ్ళ రక్షణలో నిలబడి ఉంటాడు. ఆ రక్షణ చెదిరినప్పుడు తానే బంతితో పరుగందుకుంటే ఎదుటివారి లెక్కంతా తారుమారవుతుంది. 1961లో మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరిన ఫ్రాన్ టార్కెంటన్ ఈ పరుగుకు పేరు తెచ్చాడు. 2006లో మైకేల్ విక్ ఒకే సీజన్‌లో 1,000 గజాలకు పైగా పరుగెత్తాడు. దీనికి వారు కనుగొన్న విరుగుడు మనకు కొత్తది కాదు. అంచున ఉన్నవారు లోపలికి దూకకుండా దారులు మూస్తారు. ఒకడిని మాత్రం అతడి కదలికనే కనిపెట్టుకుని ఉండమంటారు. మన మూల, కవర్ చేసే పని దాదాపు ఇదే.

2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్‌లో పట్టేవారికి కొంత న్యాయం జరిగింది. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది ఉన్నప్పుడు పట్టితే అదనంగా ఒక పాయింటు ఇచ్చారు. దీనినే సూపర్ ట్యాకిల్ అంటారు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాలి, లేకపోతే ఔట్ అన్న నియమం కూడా పట్టేవారి ఓపికకు విలువ కట్టింది.

ఆ ఓపిక ఎంత పని చేస్తుందో 2018లో జకార్తాలో తెలిసింది. 1990 నుంచి ఆసియా క్రీడల్లో వరుసగా ఏడు స్వర్ణాలు గెలిచిన భారత పురుషుల జట్టు సెమీఫైనల్‌లో ఇరాన్ చేతిలో 18-27తో ఓడిపోయింది. మహిళల ఫైనల్‌లోనూ ఇరానే 27-24తో గెలిచింది. ఆ మహిళా జట్టుకు శిక్షకురాలు భారతీయురాలైన శైలజా జైన్ కావడం గమనార్హం. కుస్తీ బలంగా ఉన్న దేశం కాబట్టి పట్టు వారికి సులువుగా అబ్బిందని అనుకోవచ్చు. కానీ అది సగమే నిజం. ఎడమ మూలన ఫజల్ అత్రాచలి, కుడి మూలన అబోజర్ మిఘానీ ఒకరి కదలికను ఒకరు చదవగలగడం మిగిలిన సగం. అదే ఏడాది అబోజర్ తెలుగు టైటాన్స్‌కు ఆడాడు. 2023 వేలంలో టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2.60 కోట్లకు పైగా ఇచ్చింది. అదే వేలంలో పట్టుకు పేరుపొందిన ఇరాన్ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్లూయికి పుణేరి పల్టన్ 2.35 కోట్లు ఇచ్చింది.

అభ్యాసం: మీ ఊరి జాతరలోగానీ బడి మైదానంలోగానీ ఆట జరిగినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని వెళ్ళండి. కూతగాడిని కాకుండా గొలుసును చూడండి. మొదట కదిలిందెవరు, రెండోవాడు ఎప్పుడు చేరాడు, పట్టు జారితే ఎంతమంది ఔటయ్యారు అన్నవి పది కూతలకు రాయండి. పాత ఆటగాళ్ళు కలిస్తే పట్టినవారి పేర్లు అడిగి, ఊరు, ఏడాది సహా నమోదు చేయండి.